ఫిజియో వెళ్ళాక మిగిలిన రోజంతా మీదే: పక్షవాత రోగిని వార్డులో ఎలా కదిలించాలి?

పొదిలి చుట్టుపక్కల ఎవరికైనా కాలు చెయ్యి పడిపోతే బండి చీమకుర్తి మీదుగా ఒంగోలు దారి పడుతుంది. అక్కడ కుదరకపోతే గుంటూరు. మొదటి ఒకటి రెండు రోజులు స్కానింగులు, ఇంజెక్షన్లు, గంటకోసారి బీపీ చూడటాలతో గడిచిపోతాయి. ప్రాణభయం లేదని డాక్టరుగారు చెప్పాక మనిషిని వార్డులోకి మారుస్తారు. ఇక్కడ చెప్పబోయేదంతా అక్కణ్ణుంచి మొదలవుతుంది. చెప్పేది రోగికి కాదు, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న కొడుక్కో, కోడలికో, భార్యకో.

ముందు ఒక లెక్క చూడండి. ఫిజియోథెరపిస్టు వస్తాడు, ఓ అరగంట చేయిస్తాడు, పక్క మంచానికి వెళ్తాడు. మిగిలిన ఇరవై మూడున్నర గంటల సంగతేమిటి? ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జూలీ బెర్న్‌హార్ట్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఐదు ఆసుపత్రుల్లో 58 మంది పక్షవాత రోగులను ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా పది నిమిషాలకోసారి గమనించి రాసుకున్నారు. 2004లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం పగటి వేళలో సగానికి పైగా మంచం మీదే గడిచిపోయింది. కోలుకోవడానికి పనికొచ్చే కదలిక 13 శాతం. 60 శాతం సేపు రోగి దగ్గర మనిషన్నవాడే లేడు.

ఆ చివరి మాట మనకు వర్తించదు. మన రోగి మంచం చుట్టూ ఎప్పుడూ ముగ్గురుంటారు. వచ్చిన చిక్కల్లా, ఆ ముగ్గురూ అన్నీ తామే చేసేస్తారు. నీళ్ళు నోటికందిస్తారు, అన్నం కలిపి ముద్దలు పెడతారు, పెద్దాయన పక్కకు ఒత్తిగిల్లబోతే ‘నువ్వు కదలకు నాయనా, మేమున్నాంగా’ అంటారు. మాట కటువుగా అనిపించినా చెప్పక తప్పదు: వార్డులో రోగి కోలుకునే అవకాశాన్ని బద్ధకం కన్నా ప్రేమే ఎక్కువగా పాడు చేస్తుంది. తనంతట తాను గ్లాసు అందుకోవడం కూడా వ్యాయామమే. అది మీరు చేసి పెడితే ఆయన వ్యాయామం మీరు చేసినట్టు.

ముందు అడగండి, తర్వాతే కదిలించండి

అలాగని మొదటి రోజే లేపి నడిపించాలనే తొందర కూడా మంచిది కాదు. ఎవర్ట్ అనే పెద్ద పరీక్ష ఐదు దేశాల్లో, 56 ఆసుపత్రుల్లో, 2,104 మంది మీద జరిగింది. 2015లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. 24 గంటల లోపే మొదలుపెట్టి, ఎక్కువసార్లు, ఎక్కువసేపు మంచం దింపిన వాళ్ళలో మూడు నెలల తర్వాత బాగా కోలుకున్నవాళ్ళు తక్కువగా తేలారు. మామూలు పద్ధతిలో చూసినవాళ్ళే నయంగా ఉన్నారు. అయితే ఆ మామూలు పద్ధతిలోనూ రోగుల్లో సగానికి పైగా మందిని ఒక రోజు గడవకముందే మంచం దింపారన్నది చాలామంది మర్చిపోయే సంగతి. అంటే పడుకోబెట్టి ఉంచమని కాదు, మొదట్లోనే ముంచెత్తవద్దని. అదే పరీక్ష లెక్కలను తర్వాత మళ్ళీ తరచి చూస్తే, కొద్దికొద్దిసేపు ఎక్కువసార్లు లేవడమే మేలని తేలింది.

కాబట్టి ఉదయం రౌండ్స్‌కు డాక్టరుగారు వచ్చినప్పుడు ఇవి అడగండి. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందా, చిట్లిందా? కూర్చోబెట్టవచ్చా, ఎప్పటినుంచి? బీపీ ఎంత దాటితే ఆపాలి? మింగడం పరీక్ష చేశారా? గుండె జబ్బు, షుగరు ఉంటే వాటి వల్ల ఏమైనా జాగ్రత్త కావాలా? జవాబులు ఒక నోటుబుక్కులో రాసుకోండి. రాత్రికి అటెండెంటు మారితే ఆ పుస్తకమే చెప్తుంది.

మన వైపు వాళ్ళు చెప్పాల్సింది ఇంకోటుంది. కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుము, మోకాళ్ళు బిగుసుకుపోయినవాళ్ళు చాలామంది. మోకాలు వంగకపోవడం పక్షవాతం వల్లనా, ముందునుంచీ ఉందా అన్నది కొత్తగా చూసే ఫిజియోకు తెలియదు. ‘మా నాయనకు పదేళ్ళుగా కింద కూర్చోవడం కుదరదండీ’ అని మీరే చెప్పాలి. లేకపోతే వంగని కాలును బలవంతంగా వంచే ప్రమాదముంది.

పడుకున్నప్పుడు కూడా పనుంది

రెండు గంటలకోసారి పక్క మార్చాలి. వెన్నెముక కింది భాగం, మడమలు, చీలమండలు రోజూ చూడండి. ఎర్రబడి, నొక్కినా ఆ ఎరుపు పోకపోతే సిస్టరుకు చెప్పాలి. అది పుండుకు మొదలు.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త భుజానికి కావాలి. పడిపోయిన చెయ్యి బరువుకు భుజం కీలు కిందికి జారుతుంది, ఎందుకంటే దాన్ని పట్టి ఉంచే కండరాలు సడలిపోయి ఉంటాయి. ఆ చెయ్యి పట్టుకుని లాగినా, చంకల కింద చేతులు వేసి పైకెత్తినా భుజం నొప్పి పట్టుకుంటుంది. ఆ నొప్పి నెలల తరబడి వదలదు, చేతి వ్యాయామాన్నే ఆపేస్తుంది. పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ మాట చెప్పండి. పడుకున్నప్పుడు ఆ చేతి కింద దిండు పెట్టండి. కూర్చున్నప్పుడు ఒళ్ళో వదిలేయకుండా బల్ల మీదో, దిండు మీదో ఉంచండి. పావురాయి నెత్తురు రాయడం, గట్టిగా మర్దన చేసి చెయ్యి మెలితిప్పడం లాంటివి ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. పావురాయి నెత్తురుతో ఒరిగేదేమీ లేదు. మెలితిప్పడంతో నష్టం ఉంది.

కుడి మెదడు దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి ఎడమ పక్క అసలు ధ్యాసే ఉండదు. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తారు, ఎడమ వైపు నుంచి పిలిస్తే తిరగరు. అది మొండితనం కాదు, జబ్బు లక్షణం. డాక్టరుకు చెప్పండి. ఫిజియో సరేనంటే స్టూలును ఆ పక్కకే మార్చుకుని, అటునుంచే కబుర్లు చెప్పండి.

లేచి కూర్చోవడం

కూర్చోబెట్టవచ్చని చెప్పాక మొదటిసారి ఫిజియో దగ్గరుండగానే చేయండి. మోకాళ్ళు మడిచి, మొదట్లో సాధారణంగా బాగున్న వైపుకు ఒత్తిగిల్లాలి. కాళ్ళు రెండూ మంచం అంచు దాటి కిందికి దించాలి. బాగున్న మోచేతిని పరుపుకు ఆనించి ఆయనే పైకి లేవాలి. మీ చెయ్యి ఆయన భుజం వెనక, తుంటి మీద ఉంటుంది. ఎత్తడం మీ పని కాదు, పడకుండా చూడటం మీ పని.

ఆసుపత్రి ఇనప మంచాలు ఎత్తుగా ఉంటాయి. పాదాలు గాల్లో వేలాడితే రోగి వెనక్కి పడతాడు. పాదాల కింద చిన్న పీట పెట్టండి, అరికాళ్ళు రెండూ పూర్తిగా ఆనాలి. యూరిన్ పైపు ఉంటే సంచి ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి, పైపు కాలికి చుట్టుకోకూడదు. ముందే చూసుకోండి, లేపాక చూసుకునే వీలుండదు.

కళ్ళు తిరగడం, చెమటలు, ముఖం పాలిపోవడం, ఛాతీలో నొప్పి, ఆయాసం – ఏది కనిపించినా వెంటనే పడుకోబెట్టి సిస్టరును పిలవండి. మాట తడబాటు పెరిగినా, మూతి మరింత వంకర పోయినా, బాగున్న చెయ్యి కూడా నీరసపడినా ఒక్క నిమిషం ఆగవద్దు.

మొదటి రోజు ఐదు పది నిమిషాలు కూర్చున్నా చాలు. తర్వాత నేను చెప్పే పద్ధతి చాలా తేలిక: ప్రతి భోజనమూ కూర్చునే చేయాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడుసార్లు ఎటూ తినాలి కదా, మూడు కూర్చోవడాలు అక్కడే వచ్చేశాయి. తిన్నాక ఓ అరగంట అలాగే ఉండాలి. మింగడం పరీక్ష అయ్యేదాకా మాత్రం గుక్కెడు నీళ్ళు కూడా పోయవద్దు. తాగగానే దగ్గు వచ్చినా, గొంతు తడిగా గురగురమన్నా ఆపేయండి. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పక్షవాతాన్ని తట్టుకున్నవాళ్ళను కూడా బలి తీసుకునే జబ్బు అది.

కుర్చీలోకి, ఆ తర్వాత కాళ్ళ మీదికి

కుర్చీని బాగున్న వైపు, మంచానికి ఆనించి వేయండి. చక్రాల కుర్చీ అయితే బ్రేకు వేయాలి. రోగి మంచం అంచుకు జరిగి, పాదాలను మోకాళ్ళ కన్నా కొంచెం వెనక్కి పెట్టి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగాలి. అప్పుడు లేస్తే బరువు కాళ్ళ మీద పడుతుంది. నిటారుగా కూర్చుని లేవమంటే ఆరోగ్యవంతుడు కూడా లేవలేడు, మీరు ప్రయత్నించి చూడండి. మీరు ఆయన నీరసపడిన వైపు నిలబడి, నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని, ఆయన మోకాలు మడత పడకుండా మీ మోకాలు అడ్డం పెట్టండి. మొదట్లో ఇద్దరుంటే మంచిది.

హవాయి చెప్పులు వద్దే వద్దు. పట్టులేని పాదం నుంచి చెప్పు ఎప్పుడు జారిపోయిందో రోగికి తెలియదు, రెండో అడుగులో దాని మీదే కాలు పడుతుంది. వెనక పట్టీ ఉన్నవి తొడగండి. లుంగీ కాళ్ళకు చుట్టుకుంటుంది, నిక్కరు నయం. ఫినాయిల్‌తో తుడిచిన నేల ఆరేదాకా ఎవరినీ దింపకండి.

కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం – కాళ్ళకు దీన్ని మించిన వ్యాయామం వార్డులో దొరకదు. ఫిజియో సరేనన్నాక మూడుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. పరామర్శకు వచ్చినవాళ్ళు బత్తాయిలు తెచ్చి మంచం మీద కూర్చుని ‘ఎట్టా జరిగిందిరా’ అని మొదటినుంచీ చెప్పించుకుంటారు. వాళ్ళకూ పని అప్పగించండి: ‘బాబాయ్, నువ్వు ఎదురుగా కూర్చుని లెక్క పెట్టు, నాయన ఐదుసార్లు లేస్తాడు.’ నలుగురి ముందు పెద్దాయన ఆరోసారి కూడా లేస్తాడు.

నడక మాత్రం ఫిజియో ఒప్పుకున్నాకే. చేతికర్ర బాగున్న చేతిలో ఉండాలి. ముందు కర్ర, తర్వాత నీరసపడిన కాలు, ఆ తర్వాత బాగున్న కాలు. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నీరసపడిన కాలు ముందు. నడకకు కూడా ఏదో ఒక పని జత చేయండి: కుళాయి దాకా, కిటికీ దాకా, బాత్‌రూము దాకా. యూరిన్ పైపు ఎప్పుడు తీయవచ్చో రోజూ అడుగుతూ ఉండండి. అది పోయిన రోజు నుంచీ బాత్‌రూముకు వెళ్ళడమే రోజుకు నాలుగైదుసార్ల నడక.

చేతికి లెక్క ఎక్కువ

కాలు కాస్త త్వరగా దారికొస్తుంది. చెయ్యి మొరాయిస్తుంది. మెదడు దెబ్బతిన్న చోట పక్క దారులు పడాలంటే ఒకే పని వందలసార్లు చేయాలని జంతువుల మీద ప్రయోగాలు చెప్తాయి. అమెరికా, కెనడాల్లో కేథరిన్ లాంగ్ బృందం 2009లో ప్రకటించిన లెక్కలో మాత్రం ఒక్కో ఫిజియో పూటలో చేతితో పని చేయించింది సగటున 32 సార్లే. అంత పెద్ద దేశాల్లోనే అంత తక్కువయితే, మన వార్డులో మిగతా సంఖ్య ఎవరు పూరించాలో వేరే చెప్పక్కర్లేదు.

వేళ్ళలో కాస్త కదలిక ఉంటే వేరుశనగ కాయలు వలిపించండి. కందులు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఒక్కొక్కటే తీయించండి. ఊళ్ళోంచి వచ్చేవాళ్ళను విచ్చిన పత్తికాయలు నాలుగు తెమ్మనండి. పెంకులోంచి పత్తి లాగడం వేళ్ళకు తెలిసిన పని, ఏళ్ళ అలవాటు అక్కరకొస్తుంది. మిరపకాయల తొడిమలు తీయడం కూడా మంచి పనే కానీ వద్దు. స్పర్శ తెలియని చెయ్యి ఆ ఘాటుతో కంట్లోకి పోతుంది. కదలిక లేని చెయ్యయితే బల్ల మీద తువ్వాలు పరిచి, రెండు చేతులూ దాని మీద ఉంచి, బాగున్న చేతి సాయంతో ముందుకూ వెనక్కీ తుడిపించండి.

రబ్బరు బంతి సంగతి ఒకటి. కనపడ్డ ప్రతి ఒక్కరూ బంతి నొక్కించమంటారు. చాలామంది రోగుల్లో వేళ్ళు ముడుచుకోవడం ముందే వస్తుంది, తెరవడమే కష్టం. బంతి ముడిచే పనినే పెంచుతుంది. ఫిజియో చెప్తేనే బంతి పట్టించండి.

నోటుబుక్కులో నాలుగు అక్షరాలు

మెల్‌బోర్న్ వాళ్ళ గమనింపును మీరూ చేయవచ్చు, పది నిమిషాలకు బదులు గంటకోసారి. ప అంటే పడుకుని, కూ అంటే కూర్చుని, ని అంటే నిలబడి, న అంటే నడుస్తూ. పేజీ ఇలా ఉంటుంది:

7 – కూ, ఇడ్లీ తానే తిన్నాడు
8 – ప
9 – కూ, ని: ఫిజియో, ఆరుసార్లు లేచాడు
10 – ప, నిద్ర
11 – కూ, కందులు ఒక గిన్నె
12 – ప

రాత్రి ఎనిమిదింటికి పేజీ చూస్తే ప లు ఎన్నున్నాయో మీకే కనపడుతుంది. రేపు వాటిలో ఒక్కదాన్ని కూ చేయండి, అంతకన్నా తొందర వద్దు. ఫిజియోకు ఈ పేజీ చూపిస్తే ఆయన చెప్పే తీరే మారుతుంది. నిద్ర రాసిన చోట దిద్దవద్దు. పక్షవాతం తర్వాత వచ్చే అలసట మామూలు అలసట కాదు, కంది చేలో రోజంతా వంగినవాడు కూడా ఎరగనిది. మధ్యాహ్నం నిద్రను దొంగతనం కింద లెక్కేయకండి.

ఏడుపు కూడా వస్తుంది. పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు మూడోవంతు మందిని ఎప్పుడో ఒకప్పుడు దిగులు జబ్బు పట్టుకుంటుంది. పొగాకు వేలం కేంద్రంలో తన బేళ్ళ ముందు నిలబడి ధర కోసం వాదించిన మనిషి చొక్కా గుండీ పెట్టుకోలేక పోతే గుండె బరువెక్కదా? ‘ధైర్యంగా ఉండు’ అని వదిలేయకుండా, వ్యాయామానికి మొహం తిప్పుకుంటున్నాడని డాక్టరుకు చెప్పండి. దానికి మందులున్నాయి.

ఇంటికి బయల్దేరే ముందు

ఇంటికెళ్ళాక మనమే చేయించుకుందాం, ఫిజియో ఎందుకు అనుకునేవాళ్ళకు ఒక మాట. అటెండ్ అనే పరీక్ష మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగుల మీద జరిగింది. కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంట్లో వ్యాయామం చేయించారు. 2017లో ఫలితాలొచ్చాయి: మామూలుగా చూసిన రోగులకూ వీళ్ళకూ ఆరు నెలల తర్వాత తేడా రాలేదు. ఆ పని వృథా అని దీనికి అర్థం చెప్పుకోకండి. ఫిజియో చేయాల్సిన పని పూర్తిగా కుటుంబం నెత్తిన పెడితే నడవదని చెప్పుకోండి. ఇంగ్లండులో 2023 మార్గదర్శకాలు అవసరమైనవాళ్ళకు రోజుకు కనీసం 3 గంటలు, వారానికి కనీసం 5 రోజులు పునరావాస చికిత్స ఇవ్వాలంటున్నాయి. మనకు ఆ మూడు గంటలు దొరకవు. దొరికిన అరగంటను వదులుకోకుండా, దానికి మీ గంటలు కలపడమే దారి.

ఇంట్లో నులక మంచం పనికిరాదు. మధ్యలో కుంగుతుంది, లేవనివ్వదు. గట్టి మంచం, చేతులున్న కుర్చీ గోడకానించి, బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ, కమోడ్ కుర్చీ సిద్ధం చేసుకోండి. ఎండాకాలంలో వ్యాయామం పొద్దున్నే ముగించాలి. చుట్ట, బీడీ, సిగరెట్ ఇంటి గడప దాటి రాకూడదు, పొగాకు పండించే ఇల్లయినా సరే. బీపీ మాత్ర బాగున్న రోజు కూడా వేసుకోవాలి. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. దానికి వైకల్య ధ్రువపత్రం కావాలి, సచివాలయంలో కనుక్కోండి. మళ్ళీ మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట ముద్దయినా 108కి ఫోను చేయండి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు సాధారణంగా నాలుగున్నర గంటలే, పొదిలి నుంచి ఒంగోలు చేరడానికే అందులో గంట పైన పోతుంది.

డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టేముందు ఫిజియోను పిలవండి. ఆయన చేసి చూపించడం కాదు, ఆయన చూస్తుండగా మీరే మీ నాయనను మంచం మీంచి కుర్చీలోకి మార్చి చూపించండి. ఆయన సరే అన్నాకే పొదిలికి బండి మాట్లాడండి.